ఆ క్లాక్ ఆపొద్దు!

2014 ఆగస్టు. బల్ల మీద అరచేతిలో పట్టేంత బోర్డు. దాని నడుమ ఆల్‌విన్నర్ అనే చైనా కంపెనీ చిప్. హెచ్‌డీఎంఐ తీగను టీవీకి తగిలించి కరెంటు ఇచ్చారు. ముందు యూ-బూట్ అనే బూట్‌లోడర్ లేచింది. తెర వెలిగింది. లినక్స్ పెంగ్విన్ బొమ్మ కనిపించింది. దాని కింద కెర్నెల్ మాటలు వరసలు వరసలుగా పైకి జారిపోతున్నాయి. మెమరీ దొరికింది, యూఎస్‌బీ దొరికింది, కార్డు దొరికింది... అంతలో తెర నల్లబడింది.

బోర్డు చచ్చిపోయిందా? లేదు. సీరియల్ తీగ పెట్టి చూస్తే లినక్స్ నిక్షేపంలా నడుస్తోంది. లాగిన్ అడుగుతోంది. ఆజ్ఞ ఇస్తే జవాబిస్తోంది. తెర ఒక్కటే లేదు. లోపం తీగలోనూ లేదు, టీవీలోనూ లేదు. ఆ తెరను ఆర్పింది కెర్నెలే. అది పొరపాటున చేసింది కాదు, నియమం ప్రకారం చేసింది.

ఈ చిన్న సంగతి మీద ఆ ఆగస్టులో మొదలైన వాదన నవంబర్ దాకా సాగింది. యూరప్‌లో, అమెరికాలో ఉన్న ఆరితేరిన కెర్నెల్ ఇంజనీర్లు రెండు పక్షాలుగా చీలి మెయిళ్లలో కొట్లాడుకున్నారు. చిప్‌లో ఉన్న క్లాకుల గురించి కెర్నెల్‌కు ఎవరు చెప్పాలి, ఎంత చెప్పాలి, ఎలా రాసిపెట్టాలి అన్నదే గొడవ. ఇక్కడ అలియాబాద్‌లో మన చేతిలో ఉన్న ఫోన్ నుంచి, పక్కన తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ ల్యాబుల్లోని పరికరాల దాకా, లోపల లినక్స్ ఉన్న చాలా వస్తువులకు ఆ గొడవతో సంబంధం ఉంది. అందుకే ఈ కథ చెప్పాలనిపించింది.

ముందు క్లాక్ అంటే ఏమిటో చూద్దాం. ఇది టైమ్ చూపించే గడియారం కాదు. చిప్‌లో ప్రతి భాగమూ, అంటే తెర నడిపేది, కార్డు చదివేది, యూఎస్‌బీ చూసేది, ఒక తాళానికి అడుగు వేస్తుంది. ఆ తాళం ఆగితే ఆ భాగం ఉన్నా లేనట్టే. మన ఆల్‌విన్నర్ బోర్డు మీద సెకనుకు 2 కోట్ల 40 లక్షల సార్లు కొట్టుకునే చిన్న స్ఫటికం ఉంటుంది. ఇంజనీర్లు 24 మెగాహెర్ట్‌జ్ అంటారు. పీఎల్ఎల్ అనే సర్క్యూట్లు ఆ వేగాన్ని వందల మెగాహెర్ట్‌జ్‌కు పెంచుతాయి. ఆ తర్వాత మక్స్‌లు, డివైడర్లు, గేట్లు వస్తాయి. శామీర్‌పేట వైపు రైతుకు దీన్ని చెరువు కింద సాగులా చెబితే చాలు. స్ఫటికం చెరువు. మక్స్ అంటే నీళ్లు ఏ కాలువ నుంచి తీసుకోవాలో తేల్చే చోటు. డివైడర్ అంటే పారకాన్ని తగ్గించేది. గేట్ అంటే తూము తలుపు. నీరటికాడు సాయంత్రం గట్టు మీద తిరుగుతూ, ఎవరూ అడగని తూములన్నీ మూసేస్తాడు. నీళ్లు వృథా కాకూడదు కదా. ఒక మడికి నీళ్లు పారుతున్నాయి గానీ ఆ రైతు పేరు చిట్టాలో లేదనుకోండి. ఆ తూమూ మూతపడుతుంది.

లినక్స్ కెర్నెల్ చేసేదీ ఇదే. బూట్ చివర్లో అది ఒకసారి క్లాకులన్నిటినీ చూస్తుంది. ఏ డ్రైవరూ అడగని క్లాక్ తిరుగుతూ కనిపిస్తే గేట్ మూసేస్తుంది. ఈ పని చేయకపోతే ఫోన్ బ్యాటరీ వృథాగా ఖర్చవుతుంది. కాబట్టి నియమం మంచిదే.

ఆ బోర్డులో తెరను వెలిగించింది కెర్నెల్ కాదు, అంతకు ముందే లేచిన యూ-బూట్. పీఎల్ఎల్ సరిచేసి, గేట్లు తెరిచి, బొమ్మ పెట్టి, ఇక నీ ఇష్టం అని కెర్నెల్‌కు అప్పగించింది. ఆల్‌విన్నర్ తెరకు పూర్తి డ్రైవర్ అప్పటికి కెర్నెల్‌లో లేదు. సింపుల్‌ఎఫ్‌బీ అనే చిన్న డ్రైవర్ మాత్రం ఉంది. 2013లో కెర్నెల్‌లోకి వచ్చింది. మెమరీలో ఫలానా చోట తెర బొమ్మ ఉంది, ఇంత వెడల్పు, ఇంత ఎత్తు, రంగులు ఇలా అని చెబితే చాలు, అక్కడ రాసుకుంటూ పోతుంది. క్లాకుల ఊసు దానికి తెలియదు. రాస్ప్‌బెర్రీ పై మీద ఇది చక్కగా నడిచింది. ఎందుకంటే ఆ బోర్డులో తెర క్లాకులు ఫర్మ్‌వేర్ చేతిలోనే ఉండేవి, కెర్నెల్ మూద్దామన్నా మూయలేదు. ఆల్‌విన్నర్‌లో తాళంచెవులన్నీ కెర్నెల్ చేతికి వచ్చాయి. అందుకే తెర ఆరింది.

డెవలపర్ ల్యూక్ వెర్‌హేగెన్ ఆ ఆగస్టులో ఒక ప్యాచ్ పంపాడు. సింపుల్‌ఎఫ్‌బీ గురించి కెర్నెల్‌కు చెప్పే నోడ్ అనే చిట్టాలో కూడా క్లాకుల పేర్లు రాద్దాం, డ్రైవర్ వాటిని అడిగి పట్టుకుంటుంది, అప్పుడు కెర్నెల్ వాటిని ముట్టుకోదు అన్నది దాని సారం. చూడటానికి చిన్న మార్పు. ఎన్‌విడియాలో టెగ్రా చిప్‌ల మీద పనిచేసే థియరీ రెడింగ్ ఒప్పుకోలేదు. ఆయన వాదనలో బలం ఉంది. ఈ డ్రైవర్ పేరే సింపుల్. ఈ రోజు క్లాకులు అంటారు, రేపు రెగ్యులేటర్లు అంటారు, ఎల్లుండి రీసెట్లు, పవర్ డొమైన్లు అంటారు, ఇక దీంట్లో సింపుల్ ఏం మిగులుతుంది? ఏ క్లాక్ ఆపకూడదో క్లాక్ డ్రైవరే తెలుసుకోవాలి అన్నాడు ఆయన. హాన్స్ డి గూడే, మాక్సిమ్ రిపార్ అవతలి పక్షం. క్లాక్ వ్యవస్థ బాధ్యుడు మైక్ టర్కెట్ నడుమ. మెయిళ్ల మీద మెయిళ్లు. అందులో కోపాలూ ఉన్నాయి.

ఆ కోపాలు అర్థం కావాలంటే మూడేళ్లు వెనక్కి వెళ్లాలి.

2011 మార్చి. ఆల్‌విన్నర్ లాంటి ఏఆర్ఎం చిప్‌ల కోడ్ కలపబోతూ లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ సహనం కోల్పోయాడు. బండబూతుతోనే మొదలుపెట్టి, ఏఆర్ఎం వాళ్లు ఒకరి పని ఒకరు చూసుకోకుండా ఎవరికి వారు కోడ్ గుట్టలు పోస్తున్నారని తిట్టిపోశాడు. తిట్లు పక్కన పెడితే, ఆయన చెప్పింది నిజం. అప్పట్లో ప్రతి కంపెనీ చిప్‌కూ విడి ఫైళ్లు. బోర్డు మారితే మళ్లీ ఇంకో సీ ఫైల్. ఫలానా పరికరం ఫలానా అడ్రస్‌లో ఉంది, ఫలానా క్లాక్ వాడుతుంది అన్న సమాచారమంతా కెర్నెల్ కోడ్‌లోనే కలిసిపోయి ఉండేది.

క్లాకుల సంగతి ఇంకా అన్యాయం. క్లాక్ అడగడానికి, తెరవడానికి, మూయడానికి డ్రైవర్లు పిలవాల్సిన పిలుపులు 2004లోనే ఖరారయ్యాయి. ఆ పిలుపుల వెనక జరిగే పనిని మాత్రం ప్రతి కంపెనీ తనకు తోచినట్టు రాసుకుంది. టీఐకి ఒక పద్ధతి, శామ్‌సంగ్‌కు ఒకటి, ఫ్రీస్కేల్‌కు ఒకటి. అందరి దగ్గరా ఒకే పేరున్న స్ట్రక్చర్, లోపల ఒక్కటీ కలవదు. దాంతో రెండు కంపెనీల చిప్‌లను ఒకే కెర్నెల్‌లో కలిపి కట్టడమే కుదిరేది కాదు. జెరెమీ కెర్ ఈ చిక్కుముడి విప్పడానికి ముందే ప్రయత్నించాడు. ప్యాచ్‌లు పంపాడు, మార్చాడు, మళ్లీ పంపాడు. ఆ పనిని చివరికి మైక్ టర్కెట్ అందుకుని పూర్తి చేశాడు. 2012 మే 20న వచ్చిన 3.4 కెర్నెల్‌లో కామన్ క్లాక్ ఫ్రేమ్‌వర్క్ చేరింది. స్ఫటికానికి ఒక రకం, డివైడర్‌కు ఒక రకం, గేట్‌కు ఒక రకం నిర్వచనం వచ్చి, అన్ని కంపెనీల క్లాకులూ ఒకే చెట్టులో కొమ్మలయ్యాయి.

కొమ్మలు దొరికాయి సరే, ఏ కొమ్మకు ఏ పరికరం వేలాడుతోందో ఎవరు చెబుతారు? దానికి జవాబు డివైస్ ట్రీ. ఇది ఏఆర్ఎం వాళ్లు కనిపెట్టింది కాదు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టిన ఓపెన్ ఫర్మ్‌వేర్ నుంచి వచ్చింది. 1994లో దానికి ఐఈఈఈ ప్రమాణం వచ్చింది. పవర్‌పీసీ లినక్స్ దాన్ని చదును చేసి వాడుకుంది. గ్రాంట్ లైక్లీ ముందుండి ఏఆర్ఎంకు తెచ్చాడు. బోర్డు మీద ఏమేం ఉన్నాయో ఒక మామూలు టెక్స్ట్ ఫైల్‌లో రాస్తారు. దాన్ని చిన్న కంపైలర్ బైనరీగా మారుస్తుంది. బూట్‌లోడర్ దాన్ని కెర్నెల్‌కు అందిస్తుంది. బోర్డు మారితే ఈ ఫైల్ మారుస్తారు, కెర్నెల్‌ను ముట్టుకోరు. క్లాకులను ఇందులో ఎలా రాయాలన్న ఒప్పందం 2012 సెప్టెంబర్ 30న వచ్చిన 3.6 కెర్నెల్‌లో చేరింది.

ఆ ఒప్పందం చూస్తే ఎంత పొదుపుగా ఉందో అనిపిస్తుంది. క్లాక్ కంట్రోలర్‌కు ఒక నోడ్. దానికి చిప్ పేరు చెప్పే కంపాటిబుల్, రిజిస్టర్ల అడ్రస్, దానిలోకి వచ్చే మూల క్లాకులు, ఇంకా క్లాక్-సెల్స్ అనే అంకె. నా దగ్గర క్లాక్ అడిగేవాడు ఎన్ని అంకెలు చెప్పాలి అన్నది ఆ క్లాక్-సెల్స్. ఒక్కటే క్లాక్ ఇచ్చే స్ఫటికానికి సున్నా. వందల క్లాకులిచ్చే కంట్రోలర్‌కు ఒకటి. ఇక వాడుకునే పరికరం నోడ్‌లో క్లాక్స్ అనే వరస. ఫలానా కంట్రోలర్, ఫలానా నంబర్. పక్కనే క్లాక్-నేమ్స్ వరసలో బస్, మాడ్యూల్ లాంటి పేర్లు. ఈ పేర్లు పరికరం వైపు నుంచి పెట్టాలి. ఆ పరికరంలో ఆ తీగ ఏ పని చేస్తుందో ఆ పేరు. ఏ పీఎల్ఎల్ నుంచి వస్తుందో ఆ పేరు కాదు. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

డ్రైవర్ లేవగానే పేరు చెప్పి క్లాక్ అడుగుతుంది. కంట్రోలర్ ఇంకా సిద్ధం కాకపోతే మైనస్ 517 అనే కోడ్ వస్తుంది, అంటే కాసేపాగి మళ్లీ రా అని. దొరికాక ప్రిపేర్, ఎనేబుల్ అని రెండు మెట్లు. ఎందుకు రెండు? కొన్ని క్లాక్ చిప్‌లు ఐ2సీ తీగ అవతల ఉంటాయి, వాటితో మాట్లాడటానికి ఆగాల్సి వస్తుంది. ఆ ఆగే పని ప్రిపేర్‌లో జరుగుతుంది. ఎనేబుల్ ఇంటరప్ట్ నడుస్తున్నా ఆగకుండా అయిపోవాలి. క్లాక్ తెరవకుండా పరికరం రిజిస్టర్‌ను ముట్టుకుంటే ఏమవుతుందో బోర్డు బ్రింగ్-అప్ చేసినవాళ్లను అడగండి. చాలా చిప్‌ల మీద బస్ బిగుసుకుపోతుంది, కోర్ అక్కడే నిలబడిపోతుంది, లాగ్‌లో ఒక్క ముక్క కూడా రాదు. తెల్లవార్లూ కూర్చోబెట్టే తప్పు ఇది.

ఒప్పందం ఉన్నా, దాన్ని ఎంత దూరం లాగాలో తేలడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. ఆల్‌విన్నర్ కోడ్ మొదట్లో చిప్‌లోని దాదాపు ప్రతి క్లాక్‌కూ డివైస్ ట్రీలో ఒక నోడ్ రాసింది. ప్రతి పీఎల్ఎల్ ఒక నోడ్, ప్రతి డివైడర్ ఒక నోడ్. టీఐ ఓమ్యాప్ చిప్‌లదీ అదే దారి. అంతా కళ్లెదుట ఉంది కదా అనిపిస్తుంది. అయితే ఫ్రీస్కేల్ ఐ.ఎంఎక్స్6 వాళ్లు, క్వాల్‌కామ్ కోసం రాసిన స్టీఫెన్ బాయిడ్ అందుకు భిన్నంగా వెళ్లారు. కంట్రోలర్ మొత్తానికి ఒకటే నోడ్. లోపలి చెట్టు ఎలా అల్లుకుందో డ్రైవర్‌కు తెలిస్తే చాలు. బయటికి నంబర్లు మాత్రం ఇస్తుంది. ఆ నంబర్లు ఒక హెడర్ ఫైల్‌లో ఉంటాయి, డ్రైవరూ డివైస్ ట్రీ రెండూ దాన్నే చదువుతాయి.

రెండో దారే నిలబడింది. దానికి కారణం ఒక మాట. డివైస్ ట్రీని ఒకసారి బోర్డుతో పాటు పంపాక మార్చకూడదు. పాత ఫైల్‌తో కొత్త కెర్నెల్ నడవాలి. క్లాక్‌కో నోడ్ రాసినప్పుడు, ఒక డివైడర్‌లో చిన్న తప్పు దొరికినా డివైస్ ట్రీ మార్చాలి. అంటే మాట తప్పాలి. 2016లో మాక్సిమ్ రిపార్ ఆల్‌విన్నర్ క్లాక్ కోడ్‌ను మళ్లీ మొదటినుంచి రాశాడు. ఆ చిప్‌లను కెర్నెల్‌లో ఏళ్లుగా మోస్తూ వచ్చింది ఆయనే. నడుస్తున్న కోడ్‌ను పక్కనపెట్టి కొత్తది రాయడానికి గుండె నిబ్బరం కావాలి. హెచ్3 చిప్‌తో మొదలుపెట్టి, 4.8 కెర్నెల్‌లో ఒకే కంట్రోలర్ నోడ్ పద్ధతి తెచ్చాడు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అన్నిటికన్నా గొప్ప పని అదే.

ఇక 2014కి తిరిగి వద్దాం. నెలల వాదన తర్వాత తెర గెలిచింది. 3.19 కెర్నెల్‌లో సింపుల్‌ఎఫ్‌బీ నోడ్‌కు క్లాక్స్ వరస చేరింది. ఇక్కడ రాసిన క్లాకులు ముందే సరిగ్గా అమర్చి ఉన్నాయి, ఈ తెర వాడుకలో ఉన్నంతకాలం వాటిని మార్చకూడదు, ఆపకూడదు అన్నది నియమం. యూ-బూట్ తాను తెరిచిన గేట్లను తానే అందులో నమోదు చేసి కెర్నెల్‌కు అందిస్తుంది. థియరీ రెడింగ్ భయపడ్డట్టే తర్వాత రెగ్యులేటర్లూ అదే నోడ్‌లోకి వచ్చాయి. ఆ విషయంలో ఆయన ముందుచూపును ఒప్పుకోవాలి. అయినా తీర్పు సరైనదే అంటాను. తెర ఆ క్లాకులను నిజంగా వాడుతోంది. వాడుతున్నదాన్ని వాడుతోందని రాయడంలో తప్పు లేదు. రాయకుండా, ఎక్కడో క్లాక్ డ్రైవర్‌లో దీన్ని ఆపొద్దు అని గుర్తు పెట్టుకుంటే, అసలైన డ్రైవర్ వచ్చిన రోజున ఆ గుర్తు ఎందుకుందో చెప్పేవాడు ఉండడు.

హైదరాబాద్ ఈ కథలోకి ఎలా వచ్చిందో చెప్పాలి. సైలింక్స్ కంపెనీకి మన నగరంలో పెద్ద డెవలప్‌మెంట్ కేంద్రం ఉండేది. 2022 ఫిబ్రవరిలో ఆ కంపెనీ ఏఎండీలో కలిసింది. దాని జింక్ అల్ట్రాస్కేల్ ప్లస్ చిప్‌లో క్లాక్ సమస్య ఇంకో రకం. అందులో లినక్స్ నడిపే కార్టెక్స్ ఏ53 కోర్లు ఉన్నాయి, రియల్ టైమ్ పనులకు రెండు ఆర్5 కోర్లు ఉన్నాయి. రెండు వైపులా అవే పీఎల్ఎల్‌లు వాడుకుంటాయి. లినక్స్ తనకు అక్కర్లేదని ఒక పీఎల్ఎల్ ఆపితే అవతలి కోర్ పని కూలిపోతుంది. అందుకని క్లాక్ రిజిస్టర్ల మీద అధికారం పీఎంయూ అనే చిన్న ప్రాసెసర్‌కు ఇచ్చారు. లినక్స్ దాన్ని అడగాలి, అది లెక్క చూసి తెరుస్తుంది లేదా మూస్తుంది.

మరి డివైస్ ట్రీలో ఇది ఎలా కనిపించాలి? మొదట్లో మెయిన్‌లైన్ కెర్నెల్‌లో ఆ చిప్‌కు ఉన్న ఫైల్‌లో క్లాకులన్నీ మారని అంకెలుగానే రాసి ఉండేవి. ఇది 100 మెగాహెర్ట్‌జ్, ఇది 125, ఇది 200 అని. బోర్డు నడుస్తుంది గానీ అది అసలు రూపం కాదు. చివరికి 2018లో, 4.20 కెర్నెల్‌లో, అసలు డ్రైవర్ చేరింది. ఇందులో క్లాక్ కంట్రోలర్ నోడ్‌కు రిజిస్టర్ అడ్రస్ ఉండదు. అది ఫర్మ్‌వేర్ నోడ్ కింద కూర్చుంటుంది, ఎందుకంటే లినక్స్‌కు సంబంధించినంత వరకు క్లాకులు ఇచ్చేది ఫర్మ్‌వేరే. లోపలికి వచ్చే మూల క్లాకులు, 33.33 మెగాహెర్ట్‌జ్ పీఎస్ఎస్ రిఫరెన్స్ లాంటివి, బోర్డును బట్టి మారతాయి కనుక అవి మాత్రం డివైస్ ట్రీలో రాస్తారు. మిగతా చెట్టు ఎలా ఉందో డ్రైవర్ లేవగానే ఫర్మ్‌వేర్‌నే అడిగి తెలుసుకుంటుంది. ఎవరి దగ్గర ఏ నిజం ఉందో దాన్ని వాళ్లనే చెప్పనిచ్చిన పద్ధతి ఇది.

క్వాల్‌కామ్ హైదరాబాద్‌లో కూడా ఉంది. ఆ కంపెనీ ఫోన్ చిప్‌ల క్లాక్ కంట్రోలర్ డ్రైవర్ల చరిత్ర తిరగేస్తే, సంతకాల్లో తెలుగు ఇంటిపేర్లు కనిపిస్తాయి. గ్లోబల్ కంట్రోలర్ ఒకటి, కెమెరాకు ఒకటి, వీడియోకు ఒకటి, డిస్‌ప్లేకు ఒకటి, గ్రాఫిక్స్‌కు ఒకటి. అన్నీ విడివిడి నోడ్లు, ఎందుకంటే చిప్‌లో అవి విడివిడి బ్లాకులు. ఉన్నది ఉన్నట్టు రాశారు.

ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ పూర్తి సమాధానం లేదు. 2014లోనే వచ్చిన అసైన్డ్-క్లాక్స్ అనే వరసతో, బూట్‌లో ఫలానా క్లాక్‌ను ఫలానా వేగానికి పెట్టు అని డివైస్ ట్రీలోనే ఆజ్ఞ ఇవ్వొచ్చు. అది హార్డ్‌వేర్ వర్ణనా, మన కోరికా? ఆడియో చిప్‌కు కచ్చితమైన వేగం కావాల్సిన బోర్డు మీద అది బోర్డు లక్షణమే అనొచ్చు. కెమెరా కొంచెం వేగంగా నడవాలని పెట్టుకుంటే అది కోరికే. మొదటిదానికి వాడండి, రెండోదానికి వాడకండి అని నేను చెప్పగలను. నడుమ ఉన్నవాటి గురించి ప్రతిసారీ ఆలోచించాల్సిందే.

ఈమధ్యే మున్సిపాలిటీ అయిన అలియాబాద్ నుంచి ఇది రాస్తున్నప్పుడు నా మనసులో ఉన్నది ఈ మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు ఇంజనీరింగ్ విద్యార్థులే. రాజీవ్ రహదారి మీద పొద్దున్నే కాలేజీ బస్సుల్లో కనిపించే పిల్లలు. కెర్నెల్ అంటే అమెరికాలో ఎవరో రాసేది అనుకోకండి. కెర్నెల్ సోర్స్‌లో డాక్యుమెంటేషన్ కింద, డివైస్ ట్రీ బైండింగ్స్‌లో క్లాక్ అనే ఫోల్డర్ తెరవండి. ఒకప్పుడు మామూలు టెక్స్ట్‌గా రాసిన ఒప్పందాలను యామల్ స్కీమాలుగా మార్చే పని ఇంకా మిగిలి ఉంది. డీటీ బైండింగ్ చెక్ అనే ఆజ్ఞ మీ తప్పులను మీ లాప్‌టాప్‌లోనే చూపిస్తుంది. ఇంట్లో ఏదైనా చవక లినక్స్ బోర్డు ఉంటే డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో క్లాక్ సమ్మరీ ఫైల్ తెరిచి చూడండి. చెట్టు మొత్తం, ఎవరు ఎన్నిసార్లు అడిగారో అంకెలతో సహా కనిపిస్తుంది. తెర నల్లబడితే క్లాక్ ఇగ్నోర్ అన్‌యూజ్డ్ అని బూట్ లైన్‌లో రాసి చేతులు దులుపుకోకండి. అది జబ్బు ఎక్కడుందో కనుక్కోవడానికి పనికొస్తుంది గానీ, మందు కాదు. ఏ పరికరం నోడ్‌లో ఏ క్లాక్ రాయడం మరిచారో వెతికి, ఆ ఒక్క వరస చేర్చి, ప్యాచ్ పంపండి. రెండు మూడుసార్లు తిప్పి పంపుతారు. జెరెమీ కెర్‌కూ తిప్పి పంపారు. మళ్లీ పంపండి.